బొమ్మ వ్యాగన్లకు అసలు ఖనిజం

మా అమ్మాయి గౌను ఉతకబోతూ జేబు తిరగేశాను. ఎర్రటి ముక్కలు రాలి ఖాళీ బకెట్ అడుగున టంగుమన్నాయి. అరకులో పిల్లల బట్టలన్నీ ఎర్రగానే ఉంటాయి, మట్టిని ఎవరూ పట్టించుకోరు. కానీ మట్టి టంగుమనదు. అది ఇనుప ఖనిజం. రైలు పట్టాల పక్కన తప్ప ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకదు. 

ఖనిజంతో మా ఇంటికేం పనో చెప్పాలంటే మా ఆయన గురించి చెప్పాలి. బ్యాంకులో ఉద్యోగం. బస్తర్ గనుల నుంచి మా ఊరి మీదుగా విశాఖకు ఖనిజం మోసే గూడ్సు బండిని చూసి, అచ్చం అలాంటి బుల్లి వ్యాగన్లు చేస్తారు. భోజనాల బల్ల ఆ బండికి స్టేషన్. మేం నేల మీద కూర్చుని తింటాం. ప్రతి వ్యాగన్‌కీ ముందు శుభ్రంగా రంగు వేస్తారు, తర్వాత ఓపిగ్గా కూర్చుని సన్నటి కుంచెతో దానికి తుప్పు పూస్తారు. మా గేటుకు తుప్పు ఎవరూ పూయకుండానే పట్టింది. దానికి రంగు వేయడానికి మాత్రం తీరిక దొరకదు. పాప ఏ క్లాసని ఎవరైనా అడిగితే ఆయన నా వైపు చూస్తారు. వ్యాగన్‌కి ఎన్ని రివెట్లని అడిగితే కళ్లు మూసుకుని చెబుతారు.

మొన్నటిదాకా వ్యాగన్లలో లోడుగా ఇటుక పొడి పోసేవారు. ఫొటో చూసి ఇంటర్నెట్‌లో ఎవరో పెద్దమనిషి రంగు నప్పలేదన్నాడు. ఆ పూట ఈయనకు అన్నం సహించలేదు. "అసలు ఖనిజం ఉంటే ఎంత బాగుండేది!" అని పాప, బాబు ఇద్దరి ముందే నిట్టూర్చారు.

గౌను వదిలేసి గుమ్మంలోకి వచ్చేసరికి, కాఫీ తోట పని నుంచి తిరిగొస్తున్న పక్కింటామె ఎదురైంది.

"ఓలమ్మా, నీ గుంటా గుంటడూ పట్టాల కాడ ఏటేరుతున్నారే? గూడ్సొత్తే పక్కకి జరిగి టాటా సెప్తన్నారు. బేగి సూసుకో!"

పక్కకి జరిగి! అంటే అప్పటిదాకా పట్టాల మధ్యే ఉన్నారన్నమాట. పరుగున వెళ్లి ఇద్దర్నీ ఇంటికి లాక్కొచ్చాను.

లోపల మా ఆయన భూతద్దంలోంచి ముక్కలు చూస్తున్నారు.

"ఇవెక్కడివండీ?"

"పిల్లలు తెచ్చారు. రంగు చూడు, అదిరిపోయింది!"

"ఎక్కణ్ణించి తెచ్చారో అడగలేదా?"

"ఇంకా చిన్నవి తెమ్మన్నాను."

"పట్టాల మధ్య ఏరుతున్నారు."

భూతద్దం బల్ల మీద పెట్టేశారు.  "ఇక వెళ్లనివ్వను" అన్నారు. ఖాళీ వ్యాగన్ల వైపు చూసి, "కానీ సగం బండికే లోడు పడింది..." అని కూడా అన్నారు.

ఆ సాయంత్రం వ్యాగన్లన్నీ బోర్లించి ఖనిజం పెరట్లో పారబోశాను.  కానీ పిల్లల సంగతి నాకు తెలుసు. రైలంటే వాళ్లకు భయం లేదు. నాన్న బండికి లోడు తక్కువైందన్నదే వాళ్ల దిగులు. ఒట్టి బెదిరింపులతో ఆగరు.

పొద్దున్నే ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

"మీరిక పట్టాల దగ్గరికి వెళ్లకూడదు. డ్రైవరు మిమ్మల్ని చూసి బ్రేకు వేసినా అంత బరువు బండి వెంటనే ఆగదు. మీ కాలు జారితే మీరు నాకు దక్కరు. నాన్న బండికి ఇక ఖనిజం అక్కర్లేదు. విశాఖలో లోడు దించేసి తిరిగి గనికి వెళ్తోంది. వెళ్లేటప్పుడు అసలు బండైనా ఖాళీగానే వెళ్తుంది. నమ్మకపోతే మీ నాన్ననే అడగండి."