అచ్చు సంఘం ఉలిగప్ప మాస్టరు

పెనుకొండ హైస్కూల్లో లెక్కలు చెప్పే ఉలిగప్ప మాస్టరుకు అచ్చు మీద ప్రేమ పుట్టడానికి కారణం ఒక కప్ప.

ఆయన పెళ్ళి శుభలేఖలో 'చి. ఉలిగప్ప' అని ఉండాల్సిన చోట 'చి. ఉలికప్ప' అని పడింది. గకు బదులు క, అంతే. పెళ్ళి జరిగింది, భోజనాలు బాగున్నాయని కూడా అన్నారు. కానీ కదిరిలో అత్తగారి వీధి వీధంతా ఆయన్ని కప్పల్లుడు అని పిలవడం మొదలుపెట్టింది. వానాకాలంలో అత్తగారింటికి పోతే మరదలు వాకిట్లో నీళ్ళ తొట్టి చూపించి, "బావా, కాళ్ళు కడుక్కుంటావా, దూకుతావా?" అని అడిగేది.

కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు ఆ శుభలేఖ పట్టుకుని ఫకీర్ సాబ్ ప్రెస్సుకు పోయాడు మాస్టరు. పోట్లాటకే పోయాడు. ఏమేం అనాలో దారి పొడుగునా వరసగా పేర్చుకున్నాడు కూడా. ఫకీర్ సాబ్ తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆయన్ని గళ్ళ గళ్ళ చెక్కపెట్టె ముందుకు తీసుకుపోయి, ఖాళీగా ఉన్న ఒక గడి చూపించాడు.

"పెండ్లిండ్ల కాలం సార్. గ లన్నీ జాతర కరపత్రంలో ఇరుక్కోనుండె. చేతికందింది క. రెండూ ఒక వరసలోటివే గదా అని పెట్టేస్తి."

తిట్టాలో నవ్వాలో తెలియక మాస్టరు పక్క గడిలో వేలు పెట్టాడు. సీసపు అక్షరాలు చల్లగా, బరువుగా, అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు తిరగబడి ఉన్నాయి. ఒకటి తీశాడు. ఇంకొకటి తీశాడు. ఒత్తులకు వేరే గళ్ళు, గుడులకు వేరే గళ్ళు. పోట్లాట సంగతి గుర్తొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. వేళ్ళకంటిన సిరా చూసి ఆయన భార్య వెంకటక్క, "కొట్టుకున్యారా?" అని అడిగింది.

అట్లా మొదలైంది. తొంభై నాలుగు నాటికి ఆయన ఇంట్లో బీరువా సగం పాత కరపత్రాలు, నాటకాల నోటీసులు, గోడ క్యాలెండర్లు, ఎవరెవరి పెళ్ళిళ్ళవో శుభలేఖలు. వెంకటక్క పట్టుచీరలు ట్రంకుపెట్టెలోకి దిగాయి. ఇంత సరుకు పోగయ్యాక సంఘం పెట్టకపోతే బాగుండదనిపించి, 'అచ్చు చరిత్ర పరిశోధక సంఘం' అని పెట్టాడు. ఈ సీమకు అచ్చుయంత్రాలు ఎట్లా వచ్చాయి, మన అక్షరాల తలకట్టు ఏ ప్రెస్సులో ఎట్లా వంకర పోయింది, ఇట్లాంటివి తేల్చడం దాని ఆశయం. కార్యదర్శి తను. సభ్యుడు ఫకీర్ సాబ్. రాకపోతే శుభలేఖ సంగతి మళ్ళీ ఎత్తుతాడేమోనని ఆయన తప్పకుండా వచ్చేవాడు.

అధ్యక్షుడు దొరకడం మాత్రం దైవికంగా జరిగింది. మొదటి సభ హిందూపురంలో పెట్టారు. ఆ ఊళ్ళో బెల్లం మండీ నడిపే నాగభూషణం, తెల్ల పంచె కట్టుకుని, అందరికన్నా ముందొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మండీలో అచ్చు అంటే బెల్లం అచ్చు. దాని చరిత్ర చెప్తారంటే రాకుండా ఎట్లా ఉంటాడు? ఇప్పుడొస్తుంది, ఇంకాసేపటికి వస్తుంది అని బెల్లం కోసం కాచుకుని కూర్చున్నాడు పాపం. అది రాలేదు. లేచి పోదామంటే మొహమాటం. కూర్చున్నవాళ్ళలో పెద్దమనిషిలా కనబడేది ఆయనొక్కడే కాబట్టి మాస్టరు ఆయన మెడలో దండ వేసి అధ్యక్షుడన్నాడు. మెడలో దండ పడ్డాక బెల్లం మాట ఎవరెత్తుతారు? రెండేళ్ళ తర్వాత, సంఘం పని మీద రైల్లో పోతూ, నాగభూషణం నిజం చెప్పేశాడు. మాస్టరు వేరుశనక్కాయల పొట్లం ఆయన వైపు జరిపి, "అయినా మీరు బాగా చేస్తాండారు" అన్నాడు.

ఇక ఆయన వ్యాసం సంగతి. 'మన సీమలో అచ్చు: పుట్టుక, పెంపకం' అని ఏళ్ళ తరబడి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసిన వ్యాసం. ప్రతి సభలోనూ అదే చదివేవాడు. ఒక్కసారీ చివరిదాకా పోలేదు. సభ ఏ ఊళ్ళో పెట్టినా పాసింజరు బండి టైము మధ్యలో అడ్డొచ్చేది. నాగభూషణం గడియారం చూసేవాడు, ఫకీర్ సాబ్ చెప్పులు వెతుక్కునేవాడు. ఇంట్లో వెంకటక్కకు వినిపిద్దామంటే, సగానికి వచ్చేసరికి పొయ్యి మీద ఏదో ఒకటి పొంగేది. చివరి పేజీయే తను రాసినవాటిలో మంచిదని మాస్టరు నమ్మకం. దాన్ని ఆయన తప్ప లోకంలో ఎవరూ వినలేదు. జీతం పెరగాలనో, హెడ్మాస్టరు కావాలనో ఆయనకు పెద్దగా లేదు. ఒక్కసారి, మనుషులున్న హాల్లో, ఆ పేజీ చదవాలి. అంతే కోరిక.

రెండువేల ఒకటిలో సభ ధర్మవరంలో పెట్టారు. ఆదివారమని చూశారు గానీ, ఆ రోజు అమావాస్య అని ఎవరూ చూడలేదు. అమావాస్య నాడు ఆ ఊళ్ళో చాలామంది మగ్గం దిగి పనికి సెలవు పెడతారు. 'అచ్చు చరిత్ర. అందరూ రావచ్చు' అని ఫకీర్ సాబ్ వేసిన కరపత్రం టీ కొట్ల దగ్గర అంటించారు.

ముగ్గురూ రైలు దిగి హాలుకు పోయేసరికి గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల పెళ్ళేదో జరుగుతోందని మాస్టరు వెనక్కి తిరగబోయాడు. అది వాళ్ళ సభే. కుర్చీలు చాలక ఆడవాళ్ళు చాపలు పరుచుకుని కూర్చున్నారు. నాగభూషణం స్వాగతం చెప్పాడు. మాస్టరు కాగితాలు విప్పాడు.

"అచ్చు రాకముందు మన పని ఎట్లుండేదో ఒకసారి ఊహించుకోండి," అని మొదలుపెట్టాడు. హాలంతా తల ఊపింది. ఏడేళ్ళుగా ఆ వాక్యానికి ఎవరూ తల ఊపలేదు. "అచ్చులో సందులు సమంగా ఉండాలి. ఒక్కటి తప్పితే వరస మొత్తం తప్పుతుంది." అవునవునన్నారు. ఇంత తెలివైన ఊరిని ఇన్నాళ్ళు వదిలేశామే అనుకుని, "పాతకాలంలో అచ్చులు చెక్కతో చేసేవారు," అని చదివాడు.

ముందు వరసలో చౌడప్ప అనే ముసలాయన చెయ్యెత్తాడు. "వెదురుతో గదప్పా. మా నాయన కాలంలో పండ్లన్నీ వెదురువే."

అప్పుడు నాగభూషణం మాస్టరు చెవి దగ్గరికి వంగాడు. "ఉలిగప్పా, వీళ్ళు గూడా నా మాదిరే వచ్చినారు."

ధర్మవరంలో అచ్చు అంటే మగ్గానికుండే పళ్ళ పలక. పడుగు పోగులన్నీ ఒక్కొక్కటిగా దాని పళ్ళ సందుల్లోంచే దూరాలి. పోగులు అతికేవాళ్ళు, నేసేవాళ్ళు, అందరూ దాని చరిత్ర వినడానికే వచ్చారు. చెప్పేస్తే హాలు ఖాళీ అవుతుంది. చివరి పేజీ చేతిలో అట్లాగే ఉంది.

పిల్లలకు అబద్ధం చెప్పొద్దని రోజూ చెప్పే మాస్టరు అప్పుడేం చేశాడంటే, గొంతు సవరించుకుని, "కొన్నిచోట్ల వెదురుతో కూడా," అన్నాడు.

అక్కణ్ణించి ఆయన చదివిన తీరు చూడాల్సిందే. పుస్తకం అన్న మాట వస్తే మింగేశాడు. అక్షరం వచ్చిన ప్రతి చోటా 'అది' అన్నాడు. కాగితం వస్తే దగ్గాడు. "అది వంకరగా ఉంటే చూసేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. చేసినవాడి పేరు పోతుంది," అంటే చౌడప్ప పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, నీ గురించే అన్నట్టు చూశాడు. ఫకీర్ సాబ్ భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా ఊగుతున్నాడు. ఇట్లా సగం దాటాడు. కానీ తర్వాతి పేజీ మొత్తం సీసం గురించే. దాన్ని మింగడానికి వీల్లేదు, దగ్గడానికీ వీల్లేదు.

"సీసం కరిగించి అచ్చు పోస్తారు," అని చాలా మెల్లగా అన్నాడు.

చాప మీంచి హనుమంతమ్మ లేచింది. పోగులు అతకడంలో ఊళ్ళో పేరున్న మనిషి. "సీసం పోస్తే సందులు పూడిపోవా సామీ? పోగు యాడ దూరుతాది?"

హాలంతా జవాబు కోసం చూసింది. మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దూరదమ్మా. నేను చెప్తాండేది మీ అచ్చు కాదు. పుస్తకాలు అచ్చేస్తారే, ఆ అచ్చు. ఇంతసేపూ తెలిసే చెప్పలేదు. మీరు లేచిపోతారని."

వెనకవైపు కుర్చీలు కదిలాయి. కొందరు నవ్వుకుంటూ, కొందరు గొణుక్కుంటూ బయటికి పోయారు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే చప్పుడు చాలాసేపు వినిపించింది. చౌడప్ప మాత్రం కదల్లేదు. 'కొన్నిచోట్ల వెదురుతో కూడా' అన్నది ఏ ఊరో తేలితే గానీ పోనన్నాడు. ఏ ఊరూ కాదని మాస్టరు ఒప్పుకున్నాడు. అయినా ఆయన కూర్చునే ఉన్నాడు. మాస్టరు కాగితాలు నిలువుగా మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"యాల మడస్తాండావు?" అంది హనుమంతమ్మ. "మా అచ్చు సంగతి మాకు తెల్సు. తెల్సినేది మళ్ళా యినేకి కూచుంటామా? నీదేందో చెప్పు. సీసం కాడ నిలబెట్నావు."

మాస్టరు కాగితాలు విప్పాడు. ఈసారి మింగకుండా, దగ్గకుండా చదివాడు. అక్షరాన్ని అక్షరమనే అన్నాడు. మిగిలినవాళ్ళు దగ్గరికి జరిగారు. తను గంభీరంగా రాసుకున్న చోట్ల వాళ్ళు నవ్వారు. నవ్వు వస్తుందని రాసిన చోట ఊరకే ఉన్నారు. నాగభూషణం గడియారం వైపు ఒకసారి చూసి, ఇంకో బండి ఉందిలే అన్నట్టు చెయ్యి ఊపాడు. చివరి పేజీ వచ్చింది. మాస్టరు చదివేశాడు. చివరి వాక్యం దాకా.

అందరూ ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆ వ్యాసం ఎక్కడ అయిపోతుందో ఎవరికీ తెలియదు కదా. చివరికి ఫకీర్ సాబ్‌కు కూడా.

"అయిపాయనా?" అంది హనుమంతమ్మ.

"అయిపోయిందమ్మా."

"బాగుండాది. నడాన మా మనవరాలు యేడిస్తే నేను బయటికి పొయ్యొచ్చినా. ఆ కరగబోసే కాణ్ణించి మళ్ళా సదువు సామీ."

చెప్పుల కోసం లేవబోయిన ఫకీర్ సాబ్ ఆగి నాగభూషణం వైపు చూశాడు. మాస్టరు అప్పటికే పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు.