జప్తుకు దొరికిన బర్రె

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నన్ను నిజామాబాద్ నుంచి బోధన్ సివిల్ కోర్టుకు అమీనుగా బదిలీ చేశారు. అమీను అంటే కోర్టు తీర్పును ఇంటిగుమ్మం దాకా మోసుకుపోయే మనిషి. జడ్జి డిక్రీ ఇస్తారు. ఓడినవాడు డబ్బు కట్టకపోతే గెలిచినవాడు అమలు పిటిషన్ వేస్తాడు, అప్పుడు జప్తు వారంటు నా చేతికి వస్తుంది. తిట్లూ నాకే వస్తాయి, జడ్జిని తిట్టే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి.

మరుసటి వానాకాలంలో కోటగిరి వైపు ఒక పల్లెకు వారంటు వచ్చింది. బాకీ పడ్డవాడి పేరు దేవదానం. అక్కడి ఒక ప్రైవేటు చక్కెర మిల్లులో, చెరకు రసాన్ని గింజ కట్టేదాకా ఉడికించే పాన్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాడు. మిల్లు మూతపడింది. జీతం బకాయిలు రేపిస్తాం, మాపిస్తాం అన్నారు. ఇవ్వలేదు.

అలాంటి సమయంలో ఆయన ఖాతాలో రెండు లక్షలు పడ్డాయి. నిజామాబాద్ గంజ్‌లో ఒక పసుపు వ్యాపారి గుమస్తా ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. దేవదానం మాత్రం తన బకాయే వచ్చిందనుకున్నాడు. ఆ మిల్లు కార్మికుల్లో ఒక కట్టుబాటు ఉండేది. బకాయి ఎవరికి ముందు వచ్చినా, తన బకాయి కళ్లజూడకుండానే చనిపోయిన తోటివాడి ఇంటికి సగం ఇవ్వాలి, ఆ ఇంటి బకాయి వచ్చినప్పుడు తిరిగి తీసుకోవాలి. దేవదానం, పాన్ దగ్గర తనతో జోడీగా పనిచేసి చనిపోయిన సాయన్న భార్యకు లక్ష ఇచ్చాడు. మిగిలిన దాంతో ఇంటి రేకులు మార్పించి, ఒక పాడి బర్రెను కొన్నాడు.

ఈ సంగతి తెలిసి మిల్లువాళ్లంతా పాస్‌బుక్కులు పట్టుకొని బ్యాంకుకు పోయారు. ఎవరికీ ఏమీ పడలేదు. దేవదానం ఒక్కడే యాజమాన్యంతో లోపాయికారీగా రాజీ పడ్డాడని అన్నారు. పలకరించడం మానేశారు. పొరపాటు జరిగిందని బ్యాంకువాళ్లు చెప్పేసరికి డబ్బు అయిపోయింది.

చట్టం సంగతి ఇక్కడ చెప్పాలి. పొరపాటున వచ్చిన డబ్బని తెలిసి కూడా ఉంచుకుంటే నేరం, జైలు దాకా పోవచ్చు. తెలియక ఖర్చు పెడితే నేరం కాదు, కానీ బాకీ పోదు. అందుకే పోలీసులు దేవదానాన్ని వదిలేశారు, వ్యాపారి దావా వేస్తే సివిల్ కోర్టు వదల్లేదు. మిల్లు తనకు ఇవ్వాల్సిన దాంట్లోంచి పట్టుకోమని ఆయన అడిగాడు. వ్యాపారి డబ్బుకూ మిల్లు బాకీకీ సంబంధం లేదని కోర్టు చెప్పింది. సరైన మాటే. వాయిదాల్లో కట్టమంటే కూలికి పోయి రెండు వాయిదాలు కట్టి, ఆపైన కట్టలేకపోయాడు. సాయన్న భార్యను అడగమని వకీలు చెప్తే, "ఆమెను కేసుల్లకు గుంజకుండ్రి సార్" అన్నాడట.

వంటపాత్రలు, బట్టలు, మంచాలు, పనిముట్లు అమీను ముట్టకూడదు. వ్యవసాయదారుడైతే సేద్యానికి కావలసిన పశువుల్నీ వదలాలి. దేవదానానికి గుంట భూమి లేదు. కాబట్టి బర్రె జప్తుకు వస్తుంది.

పంచనామా మీద సంతకాలకు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మిల్లువాళ్లే, ఆయన మీద నింద వేసినవాళ్లే. నిజం తెలిశాక కూడా తప్పయిందని ఒక్క ముక్క అనలేదు. సంతకాలు మాత్రం తీరికగా పెట్టారు. నాకు వాళ్ల మీద అసహ్యం వేసింది.

దేవదానం భార్య మార్తమ్మ గిన్నె పట్టుకొని వచ్చి, "పాలు పిండుకుంట సార్, గంతదాక ఆగుండ్రి" అంది. ఆగాను. ఆ పాలతోనే నాకు చాయ్ పెట్టింది. తాగలేకపోయాను.

పేదవాడి కోపం పెదవికి చేటంటారు. దేవదానం కోపం కూడా తెచ్చుకోలేదు. పలుపు విప్పి నా చేతికిస్తూ అడిగాడు.

"సార్, పోయినేడు మిల్లుకాడికి వచ్చింది గూడ మీరే గద. జప్తుకు ఏం దొరకలేదని రాసిండ్రు. గంత పెద్ద మిల్లుల దొరకంది, నా రేకుల ఇంట్ల ఎట్ల దొరికింది?"

నిజమే. కార్మికుల బకాయిల తీర్పు అమలుకు బోధన్‌కు వచ్చిన కొత్తలో మిల్లుకు వెళ్లింది నేనే. మిల్లుకు అప్పిచ్చిన బ్యాంకు గేటుకు సీలు వేసింది. లోపలి యంత్రాలన్నీ ఆ బ్యాంకుకే తాకట్టులో ఉన్నాయి, వాటి మీద మొదటి హక్కు దానిదే. జప్తు చేయదగిన ఆస్తి లేదని రాసి వారంటు వాపసు పంపాను. అదీ చట్టప్రకారమే. పలుపు అందుకొని బర్రెను తోలుకొచ్చాను.

బర్రె వేలంలో సగం ధరకు పోయింది. పాడుకున్నది పంచనామాకు సంతకాలు పెట్టిన ఆ ఇద్దరిలో ఒకడు. మిగతా బాకీ దేవదానం పేరు మీదే ఉండిపోయింది.

తెలియని డబ్బు ఖాతాలో పడితే ముట్టుకోకండి, వెంటనే బ్యాంకుకు రాసివ్వండి అని ఇప్పటికీ అందరికీ చెప్తుంటాను. నేను నేర్చుకున్నది మాత్రం వేరే. మిల్లును దాని అప్పులే కాపాడాయి. దేవదానం ఆ బర్రెను ఎవరికీ తాకట్టు పెట్టలేదు, అందుకే అది నాకు దొరికింది.