తలుపు వెనక పడుకున్న మనిషి

మొన్న మనవరాలు ఫోనులో మా సెక్టర్ 2 పాత ఫొటోలు చూపించి, వీటిలో తాత ఎక్కడున్నాడని అడిగింది. నేను చెబుతుంటే ఇది కూడా తనే రాస్తోంది. ఆ క్వార్టర్లలో కాపురం చేసినవాళ్లు మీలో ఉంటే, నేను చెప్పేది మీకు తెలిసే ఉంటుంది.

దుర్గ్ పక్కన ఉక్కు ప్లాంటు కొత్తగా నడుస్తున్న రోజులు. మా ఆయనది ఫర్నేసు దగ్గర పని. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆయన పడుకున్నారంటే తలుపు మూసి, దాని మీద తడిపిన గోనెపట్టా కట్టేదాన్ని. అది ఎండకూ అడ్డమే, లోపల నైట్ షిఫ్టు మనిషి నిద్రపోతున్నాడని వీధికి గుర్తు కూడా. ఇక ఆ వైపు ఎవరూ పప్పు రుబ్బేవారు కాదు, బట్టలు బాదేవారు కాదు, శ్రీకాకుళం వాళ్లయినా రాయపూర్ వాళ్లయినా పిల్లల్ని అవతలి లైనుకు తోలేసేవారు.

ఊరు పెరగడం ఏటేటా ఫొటోలు తీసి పెట్టాలని విజయనగరం వైపు అబ్బాయి ఒకతను మా వీధికి వచ్చేవాడు. మొదటి ఏడాది గోనె సంగతి తెలియక మా తలుపు దబదబా బాదాడు. పక్కింటి అత్త, ఎదురింటి పంజాబీ దీదీ, అందరూ చుట్టుముట్టి గొంతు పైకి రానివ్వకుండానే తిట్టారు. అంత గుసగుసగా తిట్లు తినడం అతనికి అదే మొదలట. ఆ తరువాత సైకిలు వీధి చివర పెట్టి, చెప్పులు చేతపట్టుకుని వచ్చేవాడు. కానీ వెలుతురుంటేనే ఫొటో, ఆ వెలుతురులోనే మా ఆయన నిద్ర. పగటి డ్యూటీ వారమైతే ఇంట్లోనే ఉండరు. ఒక ఏడాది అతను నన్ను బతిమాలాడు, వదినా, ఒక్క నిమిషం అన్నయ్యను లేపండి, అని.

“లేపను బాబూ. రేతిరి మల్లీ ఆ నిప్పు కాడ నిలబడాల. కునుకు పడితే ఆయన్ని నీ ఫొటో పట్టుకుంటాదేటి?”

దుర్గ్‌లో స్టూడియోకు వెళదామని ఆయనా నేనూ అనుకుంటూనే ఉన్నాం, సెలవు వస్తే ఆయనకు నిద్రకే సరిపోయేది. అలా ఉండగానే ఒక వానాకాలం జ్వరం తగిలి ఆయన పోయారు. గోడకు పెట్టుకుందామంటే ఆయన ముఖమున్న ఫొటో ఒక్కటీ లేదు. సంగతి తెలిసి ఆ ఫొటోల అబ్బాయి తన రీళ్లన్నీ వెతికి, చివరికి ఒకటే పట్టుకొచ్చాడు. మెట్టు మీద నేను, ఒళ్లో పిల్ల, నా వేలు పెదాల మీద, వెనక గోనె కట్టి మూసిన తలుపు.

“అన్నయ్య ఇందులో లేరు వదినా,” అన్నాడు తల వంచుకుని.

“ఉన్నారు బాబూ. లోన తొంగున్నారు,” అన్నాను.

మనవరాలికీ అదే చెప్పాను, దానికి అర్థమైందో లేదో. ఇప్పుడు ఆ వీధిలో ఎవరి ముఖానికీ ఫొటోల కొదవ లేదు. ఇంటింటా టీవీలు మోగుతుంటాయి, ఏ తలుపు వెనక ఎవరు అలసి పడుకున్నారో పక్కింటికి తెలియదు. ఒక్క మనిషి నిద్రకని వీధి వీధంతా గొంతు తగ్గించుకున్న కాలం మాది. కన్ను మూతపడని మధ్యాహ్నాల్లో నాకు ఆ నిశ్శబ్దం మరొక్కసారి వినాలనిపిస్తుంది.