ఎడమ పక్క చోటు

వెస్ట్‌మీడ్‌లో ఆదివారాలు ఫుట్‌బాల్ ఆడే జట్టుకు కొరియా మనిషి గిసాంగ్ ఇరవయ్యేళ్లు గోల్ కాశాడు. మ్యాచ్‌కు ముందు రెండు స్తంభాలనూ నిమిరి, ఖాళీ వలకు తల వంచేవాడు. ఎన్నడూ నడిమధ్యన నిలబడలేదు. కుడికి జరిగి, ఎడమ పక్క వదిలేసేవాడు. అటు కొట్టిన బంతులు కూడా గీత మీదే ఆగిపోయేవి. వైటూకే కంప్యూటర్ పనిమీద వచ్చి జట్టులో చేరిన వరంగల్ ఇమాద్, అంత ఖాళీ ఎందుకని ఇంగ్లీషులో అడిగితే, గిసాంగ్ అటు తిరిగి చూసి, "ఖాళీ ఎక్కడుంది?" అన్నాడు.

రెండువేల సంవత్సరం చలికాలంలో మోకాళ్లు మొరాయించి గిసాంగ్ ఆట మానేశాడు. చేతి తొడుగులు ఇమాద్‌కి అప్పగించి, ఎడమ పక్కకు తల వంచి, ఒక్కడే వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారం ఇమాద్ సరిగ్గా మధ్యన నిలబడ్డాడు. కాసేపటికి, ముందు ఆడుతున్న మరో తెలుగువాడు శ్రీకర్ వెనక్కి తిరిగి అరిచాడు:

"కుడికి జరిగినవేంది భై? నడిమిట్ల నిలబడు!"

ఇమాద్ ఎడమ భుజం తడుముకున్నాడు.

"నిలబడనిస్తలేరు, భై."