అత్తగారి మోకాళ్ళ మందు

పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా నా కడుపు పండలేదు. డెబ్బైల చివరి మాట ఇది. ఉత్తరాదిన ఒక ఉక్కు కార్ఖానా ఊళ్ళో, కద్మా పేటలో, ఒక గది, వంటిల్లు, ముందో వరండా ఉన్న క్వార్టర్లో మా అత్తగారూ, మా ఆయనా, నేనూ ఉండేవాళ్ళం. ఆయనకు కార్ఖానాలో షిఫ్టు డ్యూటీ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ప్రతి చుట్టమూ మా అత్తగారి చెవిలో కొడుక్కి ఇంకో సంబంధం చూడమని ఊది వెళ్ళేవాడు. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది. నా గుండెల్లో మాత్రం రాయి పడేది.

చివరికి ఆవిడే నన్ను రిక్షా ఎక్కించి ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బెంగాలీ, పెద్దావిడ. పెద్దవాళ్ళు పక్కనుండగా కోడలు నోరు విప్పకూడదన్నది మా ఇళ్ళ పద్ధతి. అందుకని నా నెలసరి సంగతులతో సహా అన్నీ మా అత్తగారే చెప్పేసింది, సాక్చి బజారులో వంకాయలు బేరమాడే హిందీలో. పురుడు పోసుకోవడం కూడా తనే కానిచ్చేస్తుందేమో అనిపించింది నాకు.

డాక్టరమ్మ నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. తర్వాత, జ్వరం ఎప్పట్నుంచి అన్నంత మామూలుగా, "నువ్వూ మీ ఆయనా కలుస్తున్నారా?" అని హిందీలో అడిగింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"శరమ్ కైసీ, బేటీ? కడుపునొప్పి చెప్పడానికి లేని సిగ్గు దీనికెందుకు?"

నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏడుపొచ్చేసింది. ఏ పండక్కో పబ్బానికో తప్ప లేదని ఏడుస్తూనే చెప్పాను.

బయటికొచ్చాక, కోడలు ఎక్కడ పడుకుంటుందని డాక్టరమ్మ మా అత్తగారిని అడిగింది. అత్తగారి ముఖం వెలిగిపోయింది. "మేరే పాస్" అని, ఆపైన హిందీ చాలక నావైపు తిరిగింది.

"సెప్పవే. ఆడు నైటు డ్యూటీకెల్తే పిల్ల బయపడతాదని పెళ్ళైన కాడ్నించి నా పక్కలోనే పడుకోబెట్టుకుంతన్నాను. నైటు డ్యూటీ నేనప్పుడు ఆడు వరండాలో తొంగుంతాడు. కన్నకూతురికి కూడా ఇంత సెయ్యలేదని సెప్పు."

నిజమే, నన్ను కళ్ళలో పెట్టుకుని చూసుకునేది. మా ఆయనా ఇదేమిటమ్మా అని అడిగే రకం కాదు. తల దించుకుని హిందీలో చెప్పాను.

డాక్టరమ్మ తిడుతుందేమో, నవ్వుతుందేమో అని భయపడ్డాను. ఆవిడ మా అత్తగారి మోకాళ్ళు నొక్కి చూసింది.

"మాతాజీ, మీ కోడలికి ఏ లోపమూ లేదు. మందు మీకు కావాలి. ఈ మోకాళ్ళు బలహీనంగా ఉన్నాయి. అబ్బాయి ఇంట్లో ఉన్నప్పుడల్లా, మధ్యాహ్నం భోజనమయ్యాక మీరు బయట తిరిగి, సాయంత్రానికి రండి."

మర్నాడు అత్తగారు కొడుక్కి అన్నం పెట్టి, గొడుగు తీసుకుంది. "మోకాళ్ళ మందుకెల్తన్నాను. తలుపేసుకో" అంది. ఎండలో నడుచుకుంటూ సోనారి పేటలో మా ఊరివాళ్ళ ఇంటికి వెళ్ళి, పొద్దు వాలాక వచ్చింది. అప్పట్నుంచి అదే వరస. మా ఆయన అమాయకుడు, "అమ్మ మోకాళ్ళకేటైనాది? ఎముకల డాక్టరుకి సూపిద్దుమా?" అని నన్ను పట్టుకు పీకేవాడు. ఆయనకు అసలు సంగతి తెలియజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

మరుసటేడు ఆడపిల్ల పుట్టింది. ఇంకో సంబంధం ఊసెత్తిన చుట్టాలకి మా అత్తగారే మిఠాయి పంపింది. పిల్లను చూపించడానికి అత్తగారూ నేనూ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

"మోకాళ్ళెలా ఉన్నాయి, మాతాజీ?" అంది డాక్టరమ్మ.

మా అత్తగారు పిల్లను ఆవిడ ఒళ్ళో పెట్టి, నావైపు చూసింది.

"నా మోకాళ్ళకి ఏనాడూ ఏటీ నేదని సెప్పు. ఆయమ్మ కోడలి ముందు నా పరువు కాసినాదని ఆనాడే నాకు తెలుసని సెప్పు."

ఈసారి తల ఎత్తి హిందీలో చెప్పాను.