మా అమ్మాయికి ఏ లోటూ లేదండి

వెయిట్‌లిఫ్టింగ్‌లో నాకు బరువుతో ఎప్పుడూ పేచీ లేదు. పేచీ అంతా నా బుర్రతోనే. స్టేజీ మీదకి నా పేరు పిలుస్తుంటే, పక్కమ్మాయి బూట్ల లేసులు ఎంత బావున్నాయో అని చూస్తూ కూర్చునేదాన్ని. ఈలోగా టైమైపోయేది. మా కోచ్ గారు తల పట్టుకునేవారు. చివరికి రాజమండ్రిలో డాక్టరు గారు, ఇది ఏకాగ్రత కుదరని జబ్బని తేల్చి మాత్రలు రాశారు. వేసుకున్నాక పిలిస్తే పలకడం మొదలెట్టాను.

తీరా చూస్తే, ఆ మాత్ర పోటీల్లో నిషేధం! ముందుగా అనుమతి తెచ్చుకోకపోతే డోపింగ్ టెస్టులో దొరికిపోతాను, దొంగని ముద్ర పడుతుంది. నేనేమో నేషనల్స్‌కి సెలెక్టయి కూర్చున్నాను. అనుమతి కోసం డాక్టరు గారు రిపోర్టు పంపాలి. దానికి చిన్నప్పట్నుంచీ నాకీ జబ్బుందని అమ్మ చెప్పాలి. అంతే. ఇంత చిన్న పని!

అమ్మ పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"చిన్నప్పుడు కుదురుగా కూర్చునేదాండి?" అని డాక్టరు గారు అడిగారు.

"కూర్చోబెట్టిన చోటే ఉండేదండి, బంగారుతల్లి."

"వస్తువులు పారేసుకునేదా?"

"అబ్బే! మా అమ్మాయికి ఏ లోటూ లేదండి. వంట కూడా వచ్చు."

ఓరి దేవుడా, పెళ్లిచూపులనుకుంటోంది ఈవిడ! మా వైపు ఆడపిల్లకి జలుబు చేసినా బయటికి చెప్పరు, సంబంధాలు తప్పిపోతాయని. "జబ్బుందని చెప్పవే అమ్మా!" అని అరిచాను. అమ్మ బల్ల కింద నన్ను గిల్లి, ఆయన వైపు తిరిగి నవ్వింది.

డాక్టరు గారు పెన్ను మూసేశారు. "ఇలాగైతే నేను రాయలేనండి. అమ్మాయి ఈసారి పోటీకి వెళ్లడం కుదరదు."

నాకు దుఃఖం ఆగలేదు. అందరిముందూ భోరుమన్నాను. అమ్మ నావంక చూసి, కొంగు దోపుకుంది.

"రాసుకోండి," అంది.

ఇంక ఆపితే ఒట్టు. బడికి నా చెప్పులతో వెళ్లి ఎవరివో చెప్పులతో వచ్చేదాన్నట. పాలు చూడమంటే, పొంగి పొయ్యి ఆరిపోయేదాకా చూస్తూనే నిలబడ్డానట. పెద్దాపురం జాతరలో తప్పిపోతే మైకులో చెప్పించారట. నేను ఆ మైకు పక్కనే నిలబడి, పాపం ఎవరి పిల్లో అని వింటున్నానట! డాక్టరు గారు నవ్వాపుకోలేక, "చాలండి, చాలండి. అనుమతి రాకపోవడమంటూ ఉండదు," అన్నారు.

అమ్మ ఆగింది. "ఇవన్నీ జబ్బేనాండి?"

"జబ్బేనమ్మా."

అమ్మ దోపుకున్న కొంగు వదిలేసింది.

"నేను పొగరనుకున్నానండి," అంది. "ప్రతిదానికీ కొట్టానండి దీన్ని."