సైరన్ మోగితే గిన్నెలు పట్టుకోవాలి

సెంటినరీ కాలనీ పేరెత్తగానే "బొగ్గు, దుమ్ము తప్ప ఏముందక్కడ" అంటారు కొందరు. నాకు ఒళ్లు మండుతుంది. మా క్వార్టర్ల వెనుక తలుపు తీసి చూడమనండి, ఎదురుగా రామగిరి గుట్ట. వానాకాలం మబ్బులు దిగి గుట్ట మీద కూర్చున్నాయంటే పొయ్యి మీద పాలు కూడా గుర్తుండవు. పక్క క్వార్టర్ సుగుణమణి అక్క అలా గుట్టను చూస్తూ ఎన్నిసార్లు పాలు పొంగించిందో! పైగా తిట్లన్నీ పొయ్యికే.

పెళ్లయి వచ్చిన నాకు ఈ ఊళ్లో బతకడం నేర్పింది ఆవిడే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది, కాసేపటికి ఇల్లంతా ఒక్క అదురు అదురుతుంది. సైరన్ వినపడగానే మేమంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి షెల్ఫులో గిన్నెలు పట్టుకుంటాం. కొత్తలో నాకేం తెలుసు? మా అమ్మ పెట్టిన గాజు గ్లాసులన్నీ కిందపడి పగిలాయి. అక్క వచ్చి, నన్ను నాలుగు తిట్టి, పెంకులు తనే ఊడ్చింది. సాయంత్రం తన గ్లాసులు తెచ్చి నా షెల్ఫులో పెట్టింది. అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఆవిడ భర్త తీతు బావ గని పని నుంచి రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇక్కడే ఓ గది కిరాయికి తీసుకుందామని అక్క బతిమాలింది. బావ ససేమిరా అన్నాడు. పెద్దపల్లిలో ఇల్లు కట్టాడు మరి. దుమ్ముండదు, చప్పుడుండదు, దవాఖాన దగ్గర. ఈ బొగ్గు మొహం మళ్లీ చూడనన్నాడు. మొండి మనిషి! అక్క ట్రాలీ ఆటోలో సామాన్ల మధ్య గుట్ట వైపు తిరిగి కూర్చుని వెళ్లిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

మొన్న చూడబుద్ధయి పెద్దపల్లి వెళ్లాను. ఇల్లు అద్దంలా ఉంది. వెనుక తలుపు తీస్తే మాత్రం పక్కింటి గోడ. బాగున్నావా అక్కా అంటే బాగానే ఉన్నానంది కానీ, నా మొహం చూడలేదు. తిన్నాక బావ ముందు గదిలో నడుం వాల్చాడు. మేమిద్దరం వంటింట్లో కబుర్లలో పడ్డాం.

ఎక్కడో సైరన్ మోగింది.

ఇద్దరం ఒక్కసారే లేచి షెల్ఫు పట్టుకున్నాం. ఎంతసేపు నిలబడ్డా ఇల్లు అదరలేదు.

"రైసుమిల్లుది. రోజూ మోగుతది," అంది అక్క.

"రోజూ పట్టుకుంటవా?"

"పట్టుకుంట. ఏం చెయ్యాలె మరి?"

నాకు ఏడుపొచ్చింది. బావను నాలుగు దులుపుదామని ముందు గదిలోకి తొంగి చూశాను. బావ మంచం మీద లేడు. గోడకున్న యేసు ప్రభువు పటాన్ని రెండు చేతులతో అదిమిపట్టి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మెల్లగా చేతులు తీశాడు. పటం సరిచేసి మంచం మీద కూర్చున్నాడు.

"మమతా, మీ దిక్కు ఏదన్న అర్ర కిరాయికుంటే చూడు," అన్నాడు చివరికి. "గుట్ట కనవడాలె."

వెనుక వంటింట్లో కాగితాల చప్పుడైంది. అక్క అప్పుడే పళ్లేలు దింపి పాత పేపర్లలో చుడుతోంది.